చేతులు తిరిగి ఇచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్

రాయవెల్లూరులో కుష్ఠు రోగుల వంకర చేతులను శస్త్రచికిత్సతో సరిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో, నేటి తమిళనాడులో, ఆంగ్ల మిషనరీ దంపతులకు జన్మించారు. వైద్యవిద్యకు ముందు వడ్రంగము, కట్టడపు పని నేర్చారు. ఆ నేర్పు వృథా పోలేదు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరారు. వేళ్లు ముడుచుకుపోయినా ముంజేతి కండరాలలో కొన్ని బలంగానే మిగులుతాయని గ్రహించి, వాటి స్నాయువులను వేళ్లకు మళ్లించి కుట్టారు. ముడిచిన పిడికిళ్లు విచ్చుకున్నాయి. కూలిన ముక్కులను, రాలిన కనుబొమలను కూడా నిలిపారు.

రోగులందరూ సంతోషించి ఉంటారని మనమనుకుంటాము. కాని కొందరు దిగులుతో తిరిగి వచ్చారు. చేతులు బాగుపడ్డాక బిచ్చం వేసేవారు లేరు. పాత మచ్చలు చూసి పని ఇచ్చేవారూ లేరు. చిరాగ్‌పల్లి చుట్టుపట్ల చేతి కష్టంతో బ్రతికే మనవారికి ఈ బాధ సులభంగానే బోధపడుతుంది. లోపం రోగిది కాదు, చికిత్స అక్కడితో ఆగిపోవడమేనని బ్రాండ్ గుర్తించడం, మా దృష్టిలో, ఆయన శస్త్రచికిత్సల కంటె గొప్ప విషయం. నవజీవన కేంద్రం నెలకొల్పి వారికి వడ్రంగము నేర్పించారు. వారు కొయ్య బొమ్మలు చేశారు. స్పర్శ లేని వేలికి సుత్తి దెబ్బ తెలియదు కనుక, ప్రతిదినము వారి చేతులను పరీక్షించేవారు.

1966లో అమెరికా వెళ్లిన బ్రాండ్ 2003లో అక్కడే కన్నుమూశారు.