తోలుకు విలువ తెచ్చిన నాయుడమ్మ

పేరు విని మహిళ అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. యలవర్తి నాయుడమ్మ మన తోలు పరిశ్రమకు దారి చూపిన శాస్త్రవేత్త. తెనాలి దగ్గర, నేటి బాపట్ల జిల్లాలోని యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీలో పారిశ్రామిక రసాయన శాస్త్రం చదివి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్‌ చేశారు. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టర్‌గా ఉన్నారు. పచ్చితోళ్లు కాదు, వాటితో చేసిన వస్తువులు అమ్మితేనే చర్మకారుల బతుకు బాగుపడుతుందని నమ్మి, ప్రయోగశాలను వారి ముంగిటకు తీసుకెళ్లారు.

1985 జూన్‌ 23న కనిష్క విమానం పేలిపోయిన ఘటనలో కన్నుమూశారు.

నాలుగేళ్లకే ఆ పరిశ్రమకు కొత్త చిక్కు వచ్చింది. తోలుకు బూజు పట్టకుండా వాడే పెంటాక్లోరోఫినాల్‌పై 1989లో జర్మనీ నిషేధం పెట్టింది. కిలో తోలులో 5 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇంత కొద్ది విషాన్నీ మాస్‌ స్పెక్ట్రోమెట్రీ పట్టేస్తుంది. ఆవిరైన నమూనాను ఎలక్ట్రాన్లతో ఢీకొట్టిస్తే అణువులు విద్యుదావేశం పొంది ముక్కలవుతాయి. ఆ ముక్కల బరువులే వేలిముద్రలా రసాయనాన్ని పట్టిస్తాయి. తేలిగ్గా ఆవిరి కాని రంగులు, మందుల అవశేషాలకైతే ద్రావణాన్ని అధిక వోల్టేజీతో సన్నని తుంపరగా చిమ్మి ఆవేశం ఇస్తారు. తాగునీటిలో లీటరుకు మైక్రోగ్రాము లోపు ఉన్న పురుగుమందులూ ఇలాంటి పద్ధతులకే దొరుకుతాయి.

చెప్పు తొడిగేవారికంటే ముందు ఆ విషం తాకేది తోళ్లు పదును చేసే కార్మికుణ్ని, ఆపై ఊరి నీటిని. ఎవరి బతుకు కోసం నాయుడమ్మ పాటుపడ్డారో, ఈ పరీక్షలు ముందుగా కాపాడాల్సింది వాళ్లనే.