గుడిసెలో పుట్టాడు.. ఇళ్ల శాఖ చూశాడు.. లంచానికి కాపలా పెట్టాడు

కర్నూలు పక్కనే పెద్దపాడు. ఆ ఊళ్లో జరిగిన ఒక ఇంటి తనిఖీ గురించి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి కాబోయే మనిషికి ఏపాటి ఆస్తిపాస్తులు ఉన్నాయో చూసి రమ్మని ఢిల్లీ పెద్దలు ఓ మనిషిని పంపారట. వచ్చినాయనకు కనిపించింది ఒక మట్టిల్లు, కట్టెల పొయ్యి, దాని మీద కుండ, పక్కన పొగకు కళ్లు తుడుచుకుంటున్న ముసలావిడ. ఆవిడ సుంకులమ్మ. ఆమె కొడుకే దామోదరం సంజీవయ్య. తనిఖీ అక్కడితోనే ముగిసిందంటారు.

1921 ఫిబ్రవరి 14న పుట్టారాయన. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి మునెయ్య కన్నుమూశారు. సెంటు భూమి లేని దళిత కుటుంబం. మేనమామ అండతో, తల్లి కష్టంతో బడి దాకా వచ్చారు. అనంతపురం దత్తమండల కళాశాలలో లెక్కలు చదివి 1942లో పట్టా అందుకున్నారు. చిన్నాచితకా కొలువులు చేసి, మద్రాసు వెళ్లి లా పూర్తి చేశారు. 1950లో తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడయ్యారు.

మద్రాసులో మంత్రి

1952లో రాజాజీ మంత్రివర్గంలో చోటు దక్కింది. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు. చేతికొచ్చినవి సహకార, గృహనిర్మాణ శాఖలు. అప్పట్లో కర్నూలు, బళ్లారి, హొసూరు అన్నీ మద్రాసు రాష్ట్రంలోవే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే గీతలు మారాయి. బళ్లారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. అంటే ఈనాడు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఈ ఊళ్లకు ఆయన కొన్నాళ్లు ఇళ్ల మంత్రే.

సహకారం, ఇళ్లు ఒకే చేతిలో ఉండటంలో అర్థముంది. సహకార సంఘాల ద్వారా అప్పు తీసుకుని ఇల్లు కట్టుకోవడం అక్కడ అలవాటైన పద్ధతి. ప్రతి సంఘం లెక్కలనూ ఏడాదికి ఒక్కసారైనా ఆడిట్ చేయించాలని 1932 నాటి మద్రాసు సహకార చట్టమే చెప్పింది. అయితే ఆడిట్‌కు కనిపించేది కాగితం. రశీదు ఉందా, సంతకం ఉందా, కూడిక సరిపోయిందా అని చూస్తుంది. ఆ సంతకం కోసం పేదవాడు ఎవరి చేతిలో ఎంత పెట్టాడో ఏ రశీదూ చెప్పదు.

1961లో ఏసీబీ

ఆంధ్రలో మంత్రిగా పనిచేసి, 1960 జనవరి 11న సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు ఆయనే. రెండేళ్లు మాత్రమే ఉన్నారు. 1962 మార్చిలో దిగిపోయారు. ఆ కొద్దికాలంలోనే భూమి లేనివారికి బంజరు పంచారు, ముసలివారికి పింఛను తెచ్చారు. 1961లో అవినీతి నిరోధక శాఖ, మనం ఏసీబీ అనే సంస్థ, మొదలైంది కూడా ఆయన హయాంలోనే.

దాని విలువ ఇల్లు కట్టుకునే వాడికి తెలుసు. సర్కారు ఇంటికి డబ్బు ఒక్కసారి రాదు. పునాదికి ఒక బిల్లు, గోడలకు ఒకటి, స్లాబుకు మరొకటి. కొలతలు వేసి ఎం.బుక్‌లో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. వానలు ముంచుకొస్తుంటాయి, అప్పు మీద వడ్డీ పెరుగుతుంటుంది. చేయి తడపమనే మాట వినిపించేది సరిగ్గా అక్కడే. బాధితుడు ఫిర్యాదు చేస్తే ఏసీబీవాళ్లు నోట్లకు పొడి రాసి పంపుతారు. పుచ్చుకున్న చేతులు ద్రావణంలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. కాగితానికి దొరకనిది చేతికి దొరుకుతుంది.

అలాగని ఏసీబీ ఒక్కటే చాలదు. ఫిర్యాదు వస్తేనే వల వేయగలదు. కట్టని ఇంటికి బిల్లు లేచిపోతే ఫిర్యాదు చేసేవాడే ఉండడు. దాన్ని పట్టాల్సింది ఆడిటే, అదీ ఊళ్లోకి వచ్చి గోడ చూసే ఆడిట్. ఇందిరా ఆవాస్ యోజనపై 2014లో కాగ్ ఇచ్చిన నివేదిక అనర్హులకు ఇళ్లు వెళ్లిన సంగతి బయటపెట్టింది. అదే ఏడాది ఇందిరమ్మ ఇళ్ల అక్రమాలపై తెలంగాణ ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. 2016లో మొదలైన కేంద్ర పథకంలో ప్రతి దశకూ ఫొటో తీసి ఎక్కించే నిబంధన పెట్టారు. ఫొటో తీసేవాడి మీద కూడా ఒక కన్ను ఉండాలన్నది వేరే చెప్పనక్కర్లేదు.

మన సరిహద్దు ఊళ్లకూ ఇది వర్తిస్తుంది. కర్ణాటకలో లోకాయుక్త, తమిళనాడులో విజిలెన్స్ డైరెక్టరేట్, ఒడిశాలో విజిలెన్స్, మహారాష్ట్రలో ఏసీబీ ఉన్నాయి. పేర్లు వేరైనా పని ఒక్కటే. గడప తొక్కడానికే మనవాళ్లు జంకుతారు.

సంజీవయ్య ఆ తర్వాత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, కేంద్రంలో కార్మిక మంత్రిగా చేశారు. 1972 మే 7న ఢిల్లీలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. వెనకేసిన ఆస్తి లేదని, సొంతానికి ఇల్లు కట్టుకోలేదని కర్నూలువాళ్లు చెప్పుకుంటారు. ఏటా ఫిబ్రవరి 14న విగ్రహాలకు దండలు పడతాయి. ఆ రోజు మన ఊరి ఇళ్ల జాబితా తెరిచి, అందులోని ప్రతి పేరుకూ ఒక ఇల్లు ఉందో లేదో నడిచి చూస్తే ఆయనకు అంతకన్నా పెద్ద దండ ఉండదు.