నహ్రె జుబైదా: ఒక మహారాణి నిరంతర పుణ్యం

నహ్రె జుబైదా పేరు మనలో చాలామంది విన్నారు. ఆ కాలువ తవ్వించిన మహాఇల్లాలి జీవితం గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువే.

ఆమె అసలు పేరు అమతుల్ అజీజ్. బాగ్దాద్ నగర నిర్మాత ఖలీఫా మన్సూర్‌కు స్వయానా మనుమరాలు. తాతగారు ముద్దుగా పెట్టిన జుబైదా పేరే చరిత్రలో నిలిచింది. భర్త ఖలీఫా హారూన్ రషీద్. సిరిసంపదలకు కొదవ లేదు. అయినా ఆ అంతఃపురంలో ఖుర్ఆన్ కంఠస్థం చేసిన వందమంది దాసీలు ఉండేవారనీ, వారి పారాయణం తేనెటీగల ఝంకారంలా వినిపించేదనీ చరిత్రకారులు రాశారు.

ఆ రోజుల్లో మక్కాలో నీటికి కటకట. ఒక మష్క్ నీళ్ళు ఒక దీనారు పలికేవట. పేద హాజీల గతి ఏమిటి? జుబైదా మనసు కరిగింది. హునైన్ వైపు ఊటల నుండి కొండలు తొలిపించి మక్కాకు నీరు తెప్పించారు. ఖర్చు భారీగా అవుతుందని పనివాళ్ళ పెద్ద సంకోచిస్తే, ఒక్కో గొడ్డలి దెబ్బకు ఒక్కో దీనారు అయినా సరే పని ఆపవద్దన్నారట. మొత్తం 17 లక్షల దీనార్లు ఖర్చయినట్లు గ్రంథాల్లో ఉంది. కూఫా నుండి మక్కా వరకు 1,400 కిలోమీటర్లకు పైగా సాగే ఎడారి బాటలోనూ ఆమె బావులు, నీటి తొట్లు, సరాయిలు కట్టించారు. ఆ బాటకు దర్బె జుబైదా అనే పేరు. ఆ శిథిలాలు నేటికీ ఉన్నాయి.

ఇంత పుణ్యం చేసుకున్న తల్లికీ పరీక్ష తప్పలేదు. 809లో భర్త పోయారు. తర్వాత ఖలీఫా అయిన ఒక్కగానొక్క కొడుకు అమీన్, సవతి సోదరుడు మామూన్‌తో జరిగిన యుద్ధంలో 813లో హతుడయ్యాడు. ప్రతీకారానికి పురిగొల్పినవారు లేకపోలేదు. ఆమె సబ్ర్ వహించారు. మామూన్ ఆమెను తల్లిలా గౌరవించారు. 825లో ఆయన వివాహానికి ఆమె స్వయంగా హాజరయ్యారు. 831లో బాగ్దాద్‌లో కన్నుమూశారు.

రాజ్యం పోయింది, భవనాలు కూలాయి. కానీ మరమ్మతులు జరుగుతూ ఆ నీరు వెయ్యేళ్ళకు పైగా హాజీల దాహం తీర్చింది. సదఖయె జారియా అంటే ఇదే. మనిషి పోయినా దాని పుణ్యం ఆగదని ప్రవక్త (స) బోధించారు.

మనకు కొండలు తొలిపించే స్తోమత లేదు. కానీ పెళ్ళి విందుల ఆడంబరంలో కొంత తగ్గించుకుంటే మన వాడలో ఒక బోరింగు వేయించలేమా? మస్జిద్ ముందు బాటసారులకు ఒక చలివేంద్రం పెట్టలేమా? మన ఇళ్ళలోని తల్లులు, ఆడబిడ్డలు ఈ విషయం ఆలోచించాలి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక. ఆమీన్.