క్లౌ దొరగారి బడి

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి ఒంగోలు ప్రాంతపు సంఘాల్లో తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ దినానికి ముందూ వెనుకా డాక్టర్ జాన్ ఇ. క్లౌ దొరగారు ఒక బోధకునిగా పడిన ప్రయాసను మాత్రం అంతగా తలచుకోము. ఈ వారం దానినే ధ్యానిద్దాం.

క్లౌగారు 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో భూముల సర్వే పని నేర్చారు. 1866 సెప్టెంబరులో భార్య హారియెట్ అమ్మగారితో ఒంగోలులో కాపురం పెట్టారు. పట్టణంలోని అగ్రకులాల పెద్దలు తమ పిల్లలకు బడి కావాలని అడిగితే సంతోషంగా ప్రారంభించారు.

అదే సమయంలో పడమటి పల్లెల నుండి మరొక పిలుపు వచ్చింది. తోళ్ల వ్యాపారం చేసే యెర్రగుంట్ల పేరయ్యగారు అప్పటికే ప్రభువును అంగీకరించి, తన మాదిగ బంధువుల మధ్య సువార్త చెబుతున్నారు. 1867 జనవరిలో ఆయన ఊరి వద్ద 28 మంది బాప్తిస్మం పొందారు. వారిని చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారని పట్టణపు పెద్దలు తేల్చి చెప్పారు. దంపతులిద్దరూ వేర్వేరు గదుల్లో ప్రార్థించి బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీయులకు మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గరే పేజీ తెరుచుకుందట. దొరగారు పల్లెవారిని చేర్చుకున్నారు. పెద్దింటి పిల్లలు బడి మానేశారు.

ఇప్పుడు ఆయన ముందున్న విద్యార్థులు వేరు. పలక పట్టినవారు అరుదు. పగలంతా తోలుపని, పొలంపని. పట్టణపు బడిలో చెప్పిన పాఠం వీరికి పనికిరాదు. అలాగని వీరికి బుద్ధి తక్కువా? కాదు. పేరయ్యగారు అంతకుముందు గురువుల పాదాల చెంత కూర్చుని యోగసాధన చేసిన మనిషి. చెవితో విని, మనసులో నిలుపుకొని, పదిమందికి చెప్పడం ఆ పల్లెల్లో ఎప్పటినుండో ఉన్న చదువే. దొరగారు ఆ దారినే పట్టారు. కొత్త విశ్వాసులకు మొదట మూడే నియమాలు చెప్పారు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువుల మాంసం తినవద్దు, విగ్రహాలను పూజించవద్దు. అక్షరం రాని అవ్వ కూడా వాటిని జ్ఞాపకం ఉంచుకోగలదు.

1876–78 నాటి గొప్ప కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలాదిమందికి కూలి చూపించారు. సువార్తికులే అక్కడ మేస్త్రీలు. కూలీలు అలసి కూర్చున్న కాసేపట్లోనే వారి పక్కన కూర్చుని వాక్యం చెప్పేవారు. అయితే అన్నం కోసం ఎవరూ మతం మారకూడదని కరవు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు.

ఆ తరువాత వేలాదిమంది ఒక్కసారిగా సంఘంలో చేరారు. ఇంతమందికి బోధించేదెవరని తోటి మిషనరీలే ప్రశ్నించారు. అది న్యాయమైన ప్రశ్నే. 1872లో మొదలైన రామాయపట్నం సెమినరీలో బోధకులు తయారయ్యారు. పల్లెల్లో చిన్న బడులు వెలిశాయి. 1880లో ఒంగోలులో హైస్కూలు వచ్చింది. పల్లెలో విని నేర్చుకున్నవారి పిల్లలకు పుస్తకం పట్టే మార్గం ఏర్పడింది. మూడు నియమాల దగ్గరే వారిని ఆపివేసి ఉంటే అది బోధ కాదు, చిన్నచూపు అయ్యేది. 1910 నవంబరులో దొరగారు అమెరికాలో ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, నేటి మన సండే స్కూలును చూడండి. కంఠత వాక్యం గడగడా అప్పగించే బిడ్డకు బహుమతి ఇస్తాం. చదవలేక తడబడే బిడ్డ వెనుక వరుసకు వెళ్లిపోతుంది. మిరప కోతలకు తల్లిదండ్రులతో వెళ్లి నెలల తరబడి బడికి దూరమైన పిల్లవాడు తిరిగి వస్తే, పాఠం వాడిని దాటి ఎంతో ముందుకు పోయి ఉంటుంది. తప్పు వాడిదని అనుకుంటాం. ఈ ఆదివారం ఉపాధ్యాయులు పాఠం మొదలుపెట్టక ముందు ఆ వెనుక వరుస దగ్గరకు వెళ్లి కూర్చోండి. ఆ బిడ్డకు పాట ద్వారా తెలుస్తుందా, బొమ్మ ద్వారా తెలుస్తుందా, పక్కన కూర్చుని మరొకసారి చెబితే తెలుస్తుందా కనుక్కోండి. ఆ బిడ్డ గ్రహించేవరకు మన పాఠం పూర్తి కాలేదని ఎంచుకుందాం.

అట్టి ఓర్పును ప్రభువు మన బోధకులందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.