మంజీర ఋణము : నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్

ఉగాదినాడు ఒకచోట చేరి పచ్చడి పంచుకొను శుభవేళ, మనకు నీడనిచ్చిన ఊరిని, నీరిచ్చిన ఏటిని తలచుకొనుట మన విధి. జనవాడ దాపున పారే మంజీర మహారాష్ట్రములోని బాలాఘాట్ కొండలలో పుట్టి, మన బీదరు జిల్లా దాటి తెలంగాణములో ప్రవేశించి, కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తున్నది. మనము సంవత్సరమునకు ఒకసారి పుట్టినూరికి పోతే, ఈ ఏరు ప్రతిదినము తెలుగునేలకు ప్రయాణము చేస్తున్నది. ఈ నదితో విడదీయరాని పేరు గల మహనీయుని కథ మన పిల్లలకు తెలియవలెనని మేము ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అలీ నవాజ్ జంగ్ గారి అసలు పేరు మీర్ అహమ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాదులో జన్మించారు. అక్కడనే చదువుకొని, 1896లో ప్రభుత్వ విద్యార్థి వేతనముపై ఇంగ్లండు వెళ్ళి, కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో విద్య పూర్తి చేశారు. 1899లో తిరిగివచ్చి నిజాము ప్రభుత్వ మరామతు శాఖలో సహాయ ఇంజనీరుగా చేరి, 1918లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. 1956 వరకు మన బీదరు కూడ హైదరాబాదు రాజ్యములోనిదే కనుక ఆయన మనకు పరాయివారు కారు.

1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసినది. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి, ఆ నీరంతయు నగరము మీద పడినది. వేలాది ప్రాణములు పోయినవి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై, దిగువన గోడలు కట్టుటతో సరిపెట్టక ఎగువనే నీటిని నిలుపుటకు నిశ్చయించారు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయినవి. ఈ నిర్మాణములలో నవాబుగారి కృషి పెద్దది. ఏటికి వచ్చిన కష్టమునకు మందు ఎగువననే ఉన్నదని ఆనాడు తేలిన సంగతి.

మంజీరపై నిజాంసాగర్ ఆయన కీర్తికి శిఖరము. 1923లో మొదలై 1931లో ముగిసిన ఈ ఆనకట్ట క్రింద రెండు లక్షల డెబ్బది అయిదు వేల ఎకరములకు నీరు ఉద్దేశించబడినది. కోస్తా జిల్లాల రైతులు కుటుంబములతో తరలివచ్చి కాలువల వెంట క్యాంపులు వేసుకొన్నారు. వలసవచ్చిన వారి కష్టసుఖములు మనకు చెప్పనక్కరలేదు. అయితే ఆ జలాశయము కొరకు సుమారు 40 గ్రామములవారు ఇండ్లు వాకిళ్ళు విడిచిపోయిన సంగతియు మరువరాదు.

1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘములో నదుల నియంత్రణ, నీటిపారుదల ఉపసంఘమునకు ఆయన అధ్యక్షులయ్యారు. తుంగభద్ర పథకమునకు కూడ హైదరాబాదు పక్షమున పాటుపడ్డారు. 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. తెలంగాణములో ఆయన జన్మదినమును ఇంజనీర్ల దినముగా జరుపుకొంటున్నారు.

ఇక మన మనస్సు కలుక్కుమనవలసిన మాట. కట్టిననాడు నిజాంసాగర్‌లో సుమారు 30 టి.ఎం.సి.ల నీరు పట్టేది. 1970 దశకము నాటికి పూడిక వలన అది 12కు దిగిపోయినది. తరువాత మట్టము పెంచి దాదాపు 18కి తెచ్చారు. ఆ పూడిక ఎక్కడిది? చెట్లు కొట్టివేసిన గుట్టల నుండి, గట్లు లేక దున్నిన వాలుచేల నుండి వానకు కొట్టుకొనిపోయిన మన్ను. అందులో బీదరు నల్లరేగడియు ఉన్నది. ఆడపిల్లను అత్తవారింటికి ఒడి నింపి పంపుతాము. మంజీరను మాత్రము బురద నింపి పంపుతున్నాము.

కట్టిన గోడను ఎంత ఎత్తు చేసినను, ఎగువ నేల నిలువకున్న ప్రయోజనము తక్కువ. చెడిన నీటివనరును బాగుచేయవచ్చుననుటకు దృష్టాంతమును దిగువవారే చూపారు. 2015లో తెలంగాణములో మిషన్ కాకతీయ పేరున సుమారు 46 వేల చెరువుల పునరుద్ధరణకు పూనుకొన్నారు. తీసిన పూడికమట్టిని రైతులు బండ్లతోను ట్రాక్టర్లతోను తమ పొలములకే తోలుకొన్నారు. చేను పోగొట్టుకొన్నది చేనుకే చేరినది. చెరువునకు లోతు, నేలకు బలము రెండును వచ్చినవి.

మనము చేయదగినది చిన్నదే. చేనికి గట్టు వేయుట, ఒడ్డున చెట్టు నాటుట, మన ఊరి చెరువు పూడిక తీయునాడు ఒక చేయి వేయుట, ఏటిలో చెత్త వేయకుండుట, ఇసుక తవ్వకమునకు తలయూపకుండుట. నవాబుగారు మంజీర నీటిని దిగువ చేలకు మళ్ళించారు. ఆ నీరు తేటగా పోవునట్లు చూచుట ఎగువనున్న మన వంతు. ఈ కొత్త సంవత్సరము మంజీరకును మన కుటుంబములన్నింటికిని సుఖశాంతులు కలిగించుగాక.