వాల్తేరు తీరాన వాల్టర్ ఇలియట్

సర్ వాల్టర్ ఇలియట్ దొర పేరు వినగానే మన విద్యార్థులకు అమరావతి శిల్పాలు స్ఫురించును. 1845లో ఆయన త్రవ్వించి మదరాసుకు చేర్చిన ఫలకాలు పిమ్మట లండను పాలైనవి. ఆ సంగతి మరువదగినది కాదు. కాని ఇక్కడ మేము చెప్పదలచినది ఆయన చేసిన మరొక పని.

ఇలియట్ 1803లో ఎడింబరోలో జన్మించి, యౌవనారంభముననే కంపెనీ కొలువులో చేరినాడు. 1824లో కిత్తూరు తిరుగుబాటుదార్లకు బందీగా చిక్కి బయటపడినాడు. క్షామముతో చితికిన గుంటూరు సీమ స్థితిని విచారించి, 1854 వరకు ఉత్తర సర్కారులకు కమీషనరుగా ఉన్నాడు. ఈ మండలాలలోని మొక్కల తెలుగు పేర్లను కూర్చి 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' ప్రకటించినాడు.

వాల్తేరు సముద్రంలో గుల్లలేని నత్తలు ఆయనను ఆకర్షించినవి. ఇవి ప్రాణముతో ఉన్నంతసేపే రంగుల పంట. సారాయములో వేసినచో వెలవెలబోవును. అందుచేత ఆయన స్థానిక చిత్రకారునిచే వాటి బొమ్మలు వ్రాయించి, నమూనాలతో కూడ ఇంగ్లండులోని ఆల్డర్, హాన్‌కాక్ పండితులకు అందజేసినాడు. వారు 1864లో ఆ వివరములు ప్రచురించిరి. ఒక జీవికి 'కళింగ ఆర్నేటా' అని మన దేశభాగము పేరే పెట్టిరి. మరొకటి నేడు 'ప్లాటిడోరిస్ ఇలియోటై'. బొమ్మలు వ్రాసిన చేతికి మాత్రము ఏ పేరూ దక్కలేదు!

రంగును నమ్మవచ్చునా? ఈ నత్తలలో కొన్ని చేపలకు రుచింపని విషము గలవి. ఒకే వేషము ధరించిన పలు జాతులను చేప ఒకేసారి గుర్తుంచుకొని విడిచిపెట్టును. కనుక వేరు జాతులు ఒకే రంగు దాల్చుట వాటికి లాభము. హిప్సెలోడోరిస్ అను వర్గపు నత్తల డి.ఎన్.ఎ.ను పరీక్షించిన 2018 నాటి పరిశోధన, ఒకే రంగు చాటున దాగిన వేర్వేరు జాతులను బయటపెట్టినది. రంగులు వేరైనను జాతి ఒకటే అయిన సందర్భములూ కనబడినవి.

అట్లని ఇలియట్ శ్రమ వ్యర్థము కాలేదు. ఒక పేరు క్రింద మూడు జాతులు తేలినచో పాత పేరు దేనికి చెందవలెను? మొదట వర్ణింపబడిన జీవి ఏ జాతిదో దానికే. పాత నమూనాలలో డి.ఎన్.ఎ. చెడిపోవును గనుక, అదే తీరమున క్రొత్తగా పట్టిన జీవి కావలెను. ఆ తగవులు తీరుటకు వాల్తేరు సముద్రము బ్రదికి ఉండవలెను.

చివరి యేండ్లలో ఆయనకు చూపు పోయినది. అయినను 1885లో దక్షిణ భారత నాణెములపై గ్రంథము వెలువరించినాడు. 1887 మార్చి 1వ తేదీ ఉదయము తమిళ పండితుడు పోపుకు ఒక లేఖ చెప్పి వ్రాయించి, స్వయముగా సంతకము చేసి, ఆనాడే కన్నుమూసినాడు.