దిగులుతో పోరాడిన పండితుడు - డాక్టరు సామ్యూల్ జాన్సన్

నేటి పనిని రేపటికి నెట్టివేయువానిని లోకము సోమరియని నిందించును. కాని మనస్సున భయము, దిగులు గూడుకట్టుకొన్నవానికి పనికి పూనుకొనుటయే పర్వతారోహణమువలె తోచును. ఆంగ్లభాషకు మహానిఘంటువును సమకూర్చిన డాక్టరు సామ్యూల్ జాన్సన్ జీవితమే ఇందులకు నిదర్శనము.

జాన్సన్ 1709వ సంవత్సరము సెప్టెంబరు 18వ తేదీన ఇంగ్లండు దేశములోని లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి మైకేలు పుస్తకముల వర్తకుడు. శైశవముననే గండమాల వ్యాధి సోకి ఆయన చూపును మందగింపజేసెను. 1728లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చేరెను గాని, పేదరికము వలన పదమూడు నెలలకే పట్టము లేకుండ ఇల్లు చేరవలసి వచ్చెను. అప్పుడే తీవ్రమైన మనోవ్యాధి ఆయనను ఆవరించెను. తనకు మతి చలించునేమోయను భయము జీవితాంతము వీడలేదు. దానిని పారద్రోలుటకై లిచ్‌ఫీల్డు నుండి బర్మింగ్‌హాము వరకు కాలినడకన పోయి వచ్చెడివాడు.

1737లో జీవనోపాధికై లండను నగరము చేరి పత్రికలకు వ్రాయసాగెను. 1746లో ప్రచురణకర్తలు నిఘంటు రచనకై ఆయనతో ఒడంబడిక చేసికొనిరి. మూడేండ్లలో ముగింతునని జాన్సన్ మాట ఇచ్చెను. గ్రంథములు చదివి తగిన వాక్యములకు గుర్తులు పెట్టగా, ఆరుగురు లేఖకులు వానిని చీటీలపై ఎత్తి వ్రాసెడివారు. గడువు దాటినది, పని తెమలలేదు. 1752లో భార్య మరణించెను. ఆ శోకములోను పని పూర్తిగా విడువలేదు. తుదకు 1755 ఏప్రిల్ 15వ తేదీన నలువదిరెండువేలకు పైగా పదములతో నిఘంటువు వెలువడెను.

ఈ మధ్యకాలముననే, 1750 నుండి 1752 వరకు, వారమునకు రెండుమార్లు వెలువడిన తన పత్రికకు రెండువందలకు పైగా వ్యాసములు వ్రాసెను. అందొకటి కాలయాపనమును గూర్చినదే! వానిలో పెక్కు అచ్చునకు వేళ మించుచుండగా హడావిడిగా వ్రాసినవే. తనకై తాను కూర్చుండలేనివాడు ఇతరులు ఎదురుచూచుచుండగా కలము పట్టెడివాడు.

నిఘంటువు వలన కీర్తి వచ్చినను పాత అలవాటు పోలేదు. షేక్స్పియరు నాటకముల పరిష్కరణకు 1756లో చందాలు స్వీకరించెను. ఆ గ్రంథము 1765లో గాని వెలువడలేదు. చందాదారుల ధనము పుచ్చుకొని పుస్తక మీయలేదని 1762లో ఒక కవి బహిరంగముగా ఎగతాళి చేసెను. ఇకమీదట పెందలకడ లేతునని జాన్సన్ ఏటేట తన పుస్తకమున వ్రాసికొనెడివాడు, మాట తప్పెడివాడు, మరల వ్రాసికొనెడివాడు. ఓటమిని ఒప్పుకొనెను గాని సంకల్పమును మానలేదు.

1759 జనవరిలో తల్లి మరణింపగా, అంత్యక్రియల వ్యయమునకును ఆమె చేసిన చిన్న అప్పులకును ధనము కావలసి వచ్చెను. ఏండ్ల తరబడి పనులు సాగదీసిన ఆ మనిషి ఒక్క వారము సాయంకాలములలో రాసెలాస్ అను కథను ముగించెను. తన పని ఎవరికై యన్నది స్పష్టమైనప్పుడు ఆయన చేతికి వేగము వచ్చినది.

ఒంటరితనమును, పనిలేమిని ఒకేసారి దరికి రానీయరాదని మిత్రుడగు బాస్వెల్‌నకు హితవు చెప్పెను. తానును అట్లే నడచుకొనెను. ఆయన యింట అంధురాలగు కవయిత్రి అన్నా విలియమ్స్, పేదలకు వైద్యము చేయు లెవెట్, జమైకాలో బానిసగా పుట్టిన ఫ్రాన్సిస్ బార్బరు ఆశ్రయము పొందిరి. అరువదియేడేండ్ల వయస్సున, 1777లో, ఆంగ్లకవుల జీవితములు వ్రాయ పూనుకొని 1781 నాటికి ముగించెను.

ఒక్క బాధ మాత్రము ఆయనను విడువలేదు. యౌవనమున తండ్రి యుటాక్సెటరు సంతలోని పుస్తకముల దుకాణమునకు తోడు రమ్మనగా, గర్వముతో నిరాకరించెను. తండ్రి 1731లోనే కన్నుమూసెను. చాల ఏండ్ల పిమ్మట వృద్ధుడైన జాన్సన్ ఆ సంతకు పోయి, దుకాణముండిన చోట, వానలో, తలపై టోపీ లేకుండ చాలసేపు నిలిచెను. గ్రంథము ఆలస్యమైనను వెలువడును. తండ్రికి చేయవలసిన సేవ ఆ దినము దాటిన పిదప ఎన్నటికిని చేయరానిది.

1784 డిసెంబరు 13వ తేదీన జాన్సన్ మరణించెను. దిగులును ఆయన నిర్మూలింపలేదు. అది ఉండగనే పనిచేసెను. భయము తీరిన పిదప పని మొదలుపెట్టుదమని వేచియున్నచో, నిఘంటువులో మొదటి పదమైనను పుట్టియుండెడిది కాదు.